మెనూలో పేరు వచ్చింది, ప్రోగ్రామ్ రాలేదు

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల ల్యాబ్‌లో 40 విండోస్ కంప్యూటర్లు ఒకే సర్వర్‌కు కలిపి ఉన్నాయి. విద్యార్థి ఎక్కడ కూర్చున్నా తన డెస్క్‌టాప్ కనిపించాలని రోమింగ్ ప్రొఫైల్స్ (ప్రతివారి ఫైళ్లు, అమరికలు సర్వర్‌లో ఉండి వారి వెంట వచ్చే ఏర్పాటు) పెట్టాం. లాగిన్‌కే పది నిమిషాలు పడుతోంది. కొందరి మెనూలో ప్రోగ్రామ్ పేరు ఉంటుంది, నొక్కితే తెరుచుకోదు. ఏం చేయాలి?
– ల్యాబ్ సహాయకురాలు, తెనాలి

జవాబు: ముందు సర్వర్‌లో ఎవరి ప్రొఫైల్ ఎంత బరువుందో చూడండమ్మా. డెస్క్‌టాప్ మీద పెట్టినవన్నీ ప్రొఫైల్‌లో భాగమే. ఒకరు 2 జీబీ వీడియోను అక్కడ పడేస్తే, కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు అదంతా సర్వర్ నుంచి దిగాలి. గంట కొట్టగానే 40 మందీ ఒకేసారి లాగిన్ అవుతారు కదా, అసలు ఇబ్బంది అక్కడే. సర్వర్ నుంచే అన్ని కంప్యూటర్లకూ అమరికలు పెట్టే గ్రూప్ పాలసీలోని ఫోల్డర్ రీడైరెక్షన్‌తో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను సర్వర్‌లోనే ఉంచండి. ఇక తెరిచిన ఫైలు మాత్రమే ప్రయాణిస్తుంది. ఆఫ్‌లైన్ ఫైల్స్‌ను మాత్రం ఆపివేయండి. లేకపోతే విండోస్ వాటి నకళ్లను మళ్లీ ప్రతి కంప్యూటర్‌లోకీ తెచ్చుకుంటుంది.

ఇక మెనూ సంగతి. అది రెండు చోట్ల నుంచి పోగవుతుంది: ఆ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో అందరికీ ఉమ్మడిగా ఉండే స్టార్ట్ మెనూ ఒకటి, వ్యక్తి ప్రొఫైల్‌లోని యాప్‌డేటా రోమింగ్ ఫోల్డర్‌లో ఉండేది రెండోది. విద్యార్థి తనకు మాత్రమే అని ఎంచుకుని ప్రోగ్రామ్ పెట్టుకుంటే, షార్ట్‌కట్ రెండో చోట చేరి అతని వెంట తిరుగుతుంది. ప్రోగ్రామ్ మాత్రం మొదటి కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. అందుకే అన్నిటినీ మీరే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో, వాడేవారందరికీ వర్తించేలా, 40 కంప్యూటర్లలోనూ పెట్టండి. ప్రొఫైళ్లలో మిగిలిన చచ్చు షార్ట్‌కట్లను తీసేయండి.

ప్రొఫైల్‌లో వ్యక్తి అమరికలు ఉండే ఎన్‌టీయూజర్.డాట్ (NTUSER.DAT) ఫైలు పేరును ఎన్‌టీయూజర్.మ్యాన్‌గా (NTUSER.MAN) మార్చి తప్పనిసరి ప్రొఫైల్ చేయమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అందరికీ ఒకే డెస్క్‌టాప్, ఒకే మెనూ వస్తాయి, నిజమే. కానీ అందులో చేసిన మార్పులేవీ సర్వర్‌కు చేరవు. నేను ల్యాబ్ చూసుకునే రోజుల్లో, పిల్లలకు ముందుగా చెప్పకుండా ఆ పని చేశాను. ఒక అమ్మాయి మధ్యాహ్నమంతా టైపు చేసిన ప్రాజెక్టు నివేదికను డెస్క్‌టాప్ మీద దాచి వెళ్లింది. మర్నాడు ఖాళీ తెర ముందు నిలబడి ఏడ్చింది. ఆ తప్పు నాది. మీరు రీడైరెక్షన్ సరిగా పనిచేస్తోందో లేదో ఒక పరీక్ష ఖాతాతో రెండు మూడు కంప్యూటర్లలో చూసుకునేదాకా తప్పనిసరి ప్రొఫైల్ జోలికి వెళ్లకండి. అసలు ఈ మార్పులేవైనా మొదలుపెట్టే ముందు రోజే, డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్లను పిల్లలందరి చేతా పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి.