బీఫ్ ఐలాండ్ విమానాశ్రయంలో దిగితే టోర్టోలాకు పడవ ఎక్కాలా?

అవసరం లేదు, రెండు దీవులను కలిపే క్వీన్ ఎలిజబెత్ వంతెన మీదుగా టాక్సీలోనే వెళ్లిపోవచ్చు.

కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో అన్నిటికన్నా పెద్దదైన టోర్టోలా దాదాపు అంతా కొండలే. అక్కడి సేజ్ పర్వతం ఎత్తు 500 మీటర్లు దాటుతుంది. రన్‌వేకు కావలసిన చదును నేల దాని తూర్పు కొసను ఆనుకుని ఉన్న బీఫ్ ఐలాండ్‌లో దొరికింది. మధ్యనున్న సముద్రపు పాయ ఎంత సన్నదంటే, కారులో కబుర్లలో పడితే వంతెన దాటిన సంగతే తెలియదు. తొలి వంతెనను 1966లో ఎలిజబెత్ రాణి స్వయంగా ప్రారంభించారు. ఇప్పుడున్నది ఆ తరువాత కట్టినది. నిజం చెప్పాలంటే, పనిగట్టుకుని చూడబోయేంత కట్టడమేమీ కాదు.

ఉదాహరణకు, రాజధాని రోడ్ టౌన్‌కు వెళ్లేవారు విమానాశ్రయం బయట టాక్సీ ఎక్కి వంతెన దాటితే చాలు. వర్జిన్ గోర్డా అనే మరో దీవికి వెళ్లేవారికి వంతెనతో పనే లేదు, పక్కనే ఉన్న ట్రెలిస్ బే రేవుకు నడిచి వెళ్లి పడవ ఎక్కాలి.

టికెట్ మీద ‘టోర్టోలా’ అని చూసి విమానాశ్రయం ఆ దీవిలోనే ఉందనుకుంటారు చాలామంది. ఈ ఒక్క వంతెనను చూసి మిగతా పెద్ద దీవులకూ రోడ్డు ఉందనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. వర్జిన్ గోర్డా, యోస్ట్ వాన్ డైక్, అనెగాడాలకు రోడ్డు మార్గమే లేదు.