లింక్స్‌లో ‘వృద్ధుల’ పోటీ అనవచ్చునా?

సందేహం: మా కాలనీ సంఘం పత్రికకు అప్పుడప్పుడు క్రీడావ్యాసాలు రాసిస్తుంటాను. 2023లో వేల్స్‌లో జరిగిన సీనియర్ ఓపెన్ గోల్ఫ్ గురించి ఇలా రాశాను: ‘రాయల్ పోర్త్‌కాల్ సముద్రపు లింకుల మీద జరిగిన వృద్ధుల గోల్ఫ్ పోటీలో అలెక్స్ చెయ్‌కా 5 పాయింట్లు ఎక్కువ సాధించి గెలిచాడు.’ ‘వృద్ధుల’ అనడం బాగాలేదని ఒక మిత్రుడు అన్నారు. సముద్రాన్నీ నేలనూ కలిపే చోటు కాబట్టి ‘లింకు’ అని ఏకవచనంలోనే రాయాలని ఇంకొకరు పట్టుబట్టారు. ఏది సరైనదో వివరించగలరు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేదు. కర్త, కర్మ, క్రియ ఎక్కడివక్కడ కుదిరాయి. చిక్కంతా మాటలకూ ఆటకూ మధ్య ఉన్నది. ఆ ఆట తెలిసినవారు మీ వాక్యం చదివితే, ఓడిపోయిన మనిషిని గెలిచాడంటున్నారేమిటని అనుకుంటారు. తెలియనివారు చదివితే, వృద్ధాశ్రమంలో వారికోసం ఏర్పాటు చేసిన వినోద కార్యక్రమం కాబోలనుకుంటారు.

ముందుగా, సముద్రతీరపు గోల్ఫ్ మైదానానికి వాడే ‘లింక్స్’ అన్న మాట సంగతి. మీ రెండో మిత్రులు చెప్పిన వ్యుత్పత్తి వినడానికి ముచ్చటగా ఉన్నది, చాలామంది గోల్ఫ్ ఆటగాళ్లు కూడా అదే చెబుతుంటారు, కానీ అది నిజం కాదు. గొలుసులోని కడియానికి వాడే ‘లింకు’ స్కాండినేవియా భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మైదానానికి వాడే ‘లింక్స్’ ప్రాచీన ఇంగ్లీషులో గట్టు, మిట్ట, మెరక అనే అర్థాలున్న ‘హ్లింక్’ నుంచి పుట్టి స్కాట్లండులో స్థిరపడింది. మనకు ఆవు ఇచ్చే పాలు వేరు, ఆస్తిలో వచ్చే పాలు వేరు అయినట్టే, ఈ రెండూ పలుకుబడిలో ఒకటైన వేరువేరు మాటలు. కాబట్టి కలపడం అనే అర్థాన్ని ఆధారం చేసుకొని ‘లింకు’ అనో, ‘అనుసంధాన మైదానం’ అనో రాయడానికి వీలులేదు.

ఇక వచనం. ఇంగ్లీషులో ఈ పదం బహువచన రూపంలో ఉన్నా ఒక్క మైదానాన్ని కూడా ‘లింక్స్’ అనే అంటారు. తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాటల చివరి సకారాన్ని మనం రెండు రకాలుగా చూస్తాం. ‘బూట్స్’లోని సకారాన్ని బహువచన ప్రత్యయమని గుర్తించి, తీసేసి, మన ప్రత్యయం చేర్చి ‘బూట్లు’ చేసుకున్నాం. ‘సాక్స్’ విషయంలో ఆ సకారాన్ని మాటలో భాగంగానే భావించి, దానిమీద మరో బహువచనం వేసి ‘సాక్సులు’ అన్నాం. రెండూ నిలిచాయి. ‘లింక్స్’ను మాత్రం ‘సర్కస్’ లాగా సకారాంత ఏకవచనంగా ఉంచుకోవడమే మేలు: ‘లింక్స్‌లో ఆడారు’, ‘అది పేరున్న లింక్స్’. ఒకటికి మించితే ‘లింక్స్ మైదానాలు’ అంటే సరిపోతుంది. ‘లింకులు’ అంటే ఇప్పటి పాఠకుడి వేలు ఫోను మీదికి పోతుంది.

‘లింకుల మీద’ అన్న ప్రయోగం కూడా ఇంగ్లీషు విభక్తిని తెచ్చిపెట్టుకున్నదే. మనం మైదానంలో ఆడతాం, పొలంలో పనిచేస్తాం, పిచ్ మీద మాత్రం ఆడతాం, ఎందుకంటే పిచ్ పరచినట్టుండే సన్నని పట్టీ. లింక్స్ విశాలమైన ప్రదేశం కాబట్టి ‘లింక్స్‌లో’ అనడమే మన నుడికారం.

ఈ మాటకు తెలుగు చేయవచ్చునా అంటే, ప్రదేశాన్ని చూపకుండా చేయలేం. బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో గాలి తెచ్చి పోసిన ఇసుక దిబ్బలుగా పేరుకొని, వాటిమీద సన్నని గట్టి గడ్డి పట్టి, సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఒక బీడు ఏర్పడింది. ఇసుక నేల కావడంవల్ల పంటలకు పనికిరాలేదు. గొర్రెలు మేశాయి, కుందేళ్లు బొరియలు తవ్వుకున్నాయి, మనుషులు ఆడుకున్నారు. వాన నీరు చప్పున ఇంకిపోతుంది. నేల గట్టిగా ఉంటుంది కనుక బంతి పడినచోట ఆగక దొర్లుతూ పోతుంది. చెట్లు దాదాపు ఉండవు, గాలికి అడ్డు లేదు. సముద్రతీరమనగానే మనకు కొబ్బరిచెట్లు, సరుగుడు తోపులు కళ్లముందుకు వస్తాయి. వాటిని తీసేసి, విశాఖ–భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వంటి మిట్టపల్లాలను, ఎరుపు రంగు మినహాయించి, గడ్డి కప్పి ఊహించుకుంటే కొంత దగ్గరికి వస్తాం. కనుక మొదటిసారి ‘ఇసుక దిబ్బల మీద గడ్డి పెరిగిన తీర మైదానం, అంటే లింక్స్’ అని చెప్పి, ఆ తరువాత ‘లింక్స్’ అని వదిలేయండి. సముద్రం కనిపించినంత మాత్రాన అది లింక్స్ కాదన్న ఎరుక కూడా ఉండాలి. అమెరికాలోని పెబుల్ బీచ్ మైదానానికి పేరులోనే లింక్స్ అని ఉన్నా, అది కొండచరియల మీద ఉన్నది కనుక అసలైన లింక్స్‌గా చాలామంది ఒప్పుకోరు.

‘మైదానం’ అన్న మాట మీద నాకు చిన్న శంక లేకపోలేదు. గంగా మైదానం అన్నప్పుడు మన మనసులో చదునైన నేలే ఉన్నది. లింక్స్ గుణమంతా చదును లేకపోవడంలోనే ఉన్నది. అయినా ఆటస్థలమనే అర్థం తెలుగులో ఎప్పుడో బలపడిపోయింది కాబట్టి ఆక్షేపించను. ‘గోల్ఫ్ కోర్సు’ కన్నా అదే నయం. ‘అతను యాభయ్యో ఏట గోల్ఫ్ కోర్సులో చేరాడు’ అని రాస్తే ఫీజు ఎంత అని అడిగేవారుంటారు.

‘వృద్ధుల’ విషయంలో మీ మొదటి మిత్రుల అభ్యంతరం న్యాయమైనది. సీనియర్ ఓపెన్‌లో ఆడటానికి 50 ఏళ్లు నిండితే చాలు. యాభై ఏళ్ల మనిషిని వృద్ధుడని తెలుగులో అనం, ఎదుట అసలే అనం. 2019లో ఇంగ్లండులోని రాయల్ లిథమ్ అండ్ సెయింట్ ఆన్స్ లింక్స్‌లో ఈ టోర్నీని నాలుగోసారి గెలిచినప్పుడు జర్మనీ ఆటగాడు బెర్నార్డ్ లాంగర్ షష్టిపూర్తి దాటినవాడే అయినా, ఆయన ఆటను చూసినవారెవరికీ ‘వృద్ధుడు’ అన్న మాట నోటికి రాదు. అమెరికా ఆటగాడు టామ్ వాట్సన్ కథ ఇంకా బలమైన సాక్ష్యం. 2003లో స్కాట్లండు తీరంలోని టర్న్‌బెరీ లింక్స్‌లో ఆయన సీనియర్ల టోర్నీ గెలిచాడు. ఆరేళ్ల తరువాత, 2009లో, అదే లింక్స్‌లో వయసుతో నిమిత్తం లేకుండా అందరూ ఆడే ఓపెన్‌లో, షష్టిపూర్తికి రెండు నెలలైనా లేనప్పుడు, కుర్రవాళ్లతో తలపడి ప్లేఆఫ్ (సమానంగా నిలిచినవారి మధ్య విజేతను తేల్చే అదనపు ఆట) దాకా వెళ్లి స్టువర్ట్ సింక్ చేతిలో ఓడిపోయాడు.

అయితే ‘సీనియర్’ అని ఊరికే ఉంచినా ఒక పేచీ ఉన్నది, దీన్ని క్రీడావిలేఖరులు కూడా తరచు గమనించరు. మన దేశంలో ‘సీనియర్ జాతీయ హాకీ పోటీలు’ అంటే సబ్ జూనియర్, జూనియర్ స్థాయిలు దాటినవారి అసలు పోటీలు. అందులో ఇరవై రెండేళ్ల ఆటగాడూ సీనియరే. గోల్ఫ్‌లో సీనియర్ అంటే 50 దాటినవాడు. ఒకే మాట ఒక ఆటలో వయసు పైమెట్టునూ, ఇంకో ఆటలో ప్రధాన స్థాయినీ చెబుతున్నది. కాలేజీ సీనియర్, సీనియర్ న్యాయవాది, సీనియర్ సిటిజన్, సీనియర్ ఎన్టీఆర్, ఇవన్నీ వేరువేరు అర్థాలు; మనం సందర్భాన్ని బట్టి తడుముకోకుండా గ్రహిస్తున్నాం. గోల్ఫ్ సందర్భం తెలుగు పాఠకుడికి అంత పరిచితం కాదు కనుక, ‘50 ఏళ్లు పైబడిన క్రీడాకారులు ఆడే’ అన్న విశేషణ వాక్యం ఒకసారి చేర్చక తప్పదు. దీనికి బదులు ‘మాస్టర్స్’ అందామా అంటే, గోల్ఫ్‌లో ఆ పేరు అమెరికాలోని అగస్టాలో ఏటా జరిగే మరో ప్రసిద్ధ టోర్నీది. ‘పెద్దల పోటీ’ అంటారా, సినిమా హాలు బయటి బోర్డు గుర్తుకొస్తుంది. పోటీ పేరు సంజ్ఞానామం కాబట్టి ‘సీనియర్ ఓపెన్’ను యథాతథంగా ఉంచాలి. 1987లో టర్న్‌బెరీలో మొదలైనప్పుడు దాని పేరు సీనియర్ బ్రిటిష్ ఓపెన్. పాత సంగతులు రాసేటప్పుడు ఆ పేరు వాడినా తప్పులేదు. అమెరికాలో జరిగే సీనియర్ ఓపెన్ వేరే ఉన్నది, రెంటినీ కలపవద్దు. ఇంకొక్క జాగ్రత్త: సీనియర్ ఓపెన్ అనగానే లింక్స్ అని రాయకండి. 2022లో గ్లెనీగిల్స్‌లోనూ, 2025లో సన్నింగ్‌డేల్‌లోనూ జరిగింది; ఆ రెండూ సముద్రానికి దూరంగా ఉన్నవే.

ఇప్పుడు మీ వాక్యంలోని అసలు ప్రమాదానికి వద్దాం: ‘5 పాయింట్లు ఎక్కువ సాధించి గెలిచాడు.’ గోల్ఫ్‌లో తక్కువసార్లు బంతిని కొట్టినవాడిది గెలుపు. ఒక్కొక్క హోల్‌ను, అంటే బంతిని మొదట కొట్టే చోటి నుంచి అది చివరికి పడే గుంట దాకా ఉన్న భాగాన్ని, ఇన్ని షాట్లలో ముగించాలని ముందే లెక్క ఉంటుంది, దాని పేరు ‘పార్’. పోర్త్‌కాల్‌లో 18 హోల్స్ ఉండే ఒక రౌండుకు మొత్తం పార్ 71, నాలుగు రౌండ్లకు 284. చెయ్‌కా 289 షాట్లు తీసుకున్నాడు. అంటే మీరు రాసిన ‘5 ఎక్కువ’ ఘనత కాదు, గాలీ వానా వసూలు చేసుకున్న అదనం. మిగతావారు ఇంకా ఎక్కువ చెల్లించుకున్నారు కనుక అతను నిలిచాడు. అదే 289తో ఐర్లండు ఆటగాడు పాడ్రిగ్ హారింగ్టన్ సమానంగా ఉండటంవల్ల ప్లేఆఫ్ ఆడవలసివచ్చింది. ఇదే మైదానంలో 2014లో లాంగర్ 266 షాట్లతో, పార్ కన్నా 18 తక్కువతో, రెండోస్థానంలో ఉన్నవాడికి 13 షాట్ల దూరంలో గెలిచాడు. మైదానం అదే, పోటీ అదే, ఇద్దరు విజేతల మధ్య 23 షాట్ల తేడా. లింక్స్ స్వభావాన్ని ఇంతకన్నా బాగా చెప్పే అంకె దొరకదు కాబట్టి వ్యాసంలో ఈ పోలిక చేర్చమని సలహా ఇస్తాను.

అందుచేత ‘సాధించి’, ‘పాయింట్లు’, ‘ఆధిక్యం’ అనే మాటలను గోల్ఫ్‌లో ఆచితూచి వాడాలి. ‘పార్ కన్నా 5 షాట్లు ఎక్కువ తీసుకొని’ అంటే అర్థం తిరగబడదు. నియమావళి భాషలో ‘స్ట్రోక్’ అనే మాటే కచ్చితమైనది, ఎందుకంటే బంతిని కొట్టకుండానే శిక్షగా పడే స్ట్రోకులు కూడా లెక్కలోకి వస్తాయి. అయినా వార్తలో ‘షాట్’ చాలునని నా అభిప్రాయం. ‘వృద్ధుల పోటీలో 13 స్ట్రోకులు’ అని ఎవరైనా రాస్తే, తెలుగు పాఠకుడు అంబులెన్సు కోసం వెతుకుతాడు.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ‘హోల్’ను ‘రంధ్రం’ అని అనువదించే అలవాటు కొందరికున్నది. బంతి చివరికి పడే 4.25 అంగుళాల వెడల్పు గుంట ఒక్కటే కాదు, బంతిని మొదట కొట్టే చోటి నుంచి ఆ గుంట దాకా ఉన్న వందల గజాల నేలంతా హోలే. ‘పదమూడో రంధ్రంలో ఈదురుగాలి వీచింది’ అనే వాక్యం అలా పుడుతుంది. నేలను చెప్పేటప్పుడు ‘హోల్’ అనీ, బంతి పడే చోటును చెప్పేటప్పుడు గోలీలాటలో మనం అనే ‘గుంట’ అనీ వేరుచేసి వాడితే ఇబ్బంది ఉండదు. ‘బంకర్’ను మాత్రం ‘ఇసుక గొయ్యి’ అని నిరభ్యంతరంగా రాయవచ్చు. లేకపోతే సైనికులు దాక్కునే బంకరు గుర్తుకొస్తుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: ‘50 ఏళ్లు పైబడిన క్రీడాకారులు ఆడే సీనియర్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ 2023లో వేల్స్ తీరంలోని రాయల్ పోర్త్‌కాల్ లింక్స్‌లో జరిగింది. గాలివానల మధ్య నాలుగు రౌండ్లు ముగిసేసరికి జర్మనీ ఆటగాడు అలెక్స్ చెయ్‌కా, ఐర్లండ్‌కు చెందిన పాడ్రిగ్ హారింగ్టన్ పార్ కన్నా 5 షాట్లు ఎక్కువతో సమానంగా నిలవగా, ప్లేఆఫ్‌లో చెయ్‌కా గెలిచాడు.’ వాక్యం ఒకటి రెండైనా పరవాలేదు. ‘గెలిచారు’ అని గౌరవ బహువచనం వాడాలా అన్న అనుమానం వస్తే, క్రీడావార్తల్లో ఆటగాడు ఏ వయసువాడైనా ‘గెలిచాడు’ అనడమే వాడుక. యాభై దాటాడని ప్రత్యేక మర్యాద చూపితే మళ్లీ ‘వృద్ధుల పోటీ’ దగ్గరికే వెళ్తాం. ‘ఛాంపియన్’, ‘చాంపియన్’ రెండూ పత్రికల్లో కనిపిస్తున్నాయి. మూల ఉచ్చారణలోని ధ్వనికి మన వత్తు ఛకారం అవసరం లేదు కాబట్టి నేను ‘చాంపియన్’ వైపే మొగ్గుతాను, కానీ మీ పత్రిక ఏది ఎంచుకున్నా మొదటి పుట నుంచి చివరి పుట దాకా అదొక్కటే ఉండేట్టు చూడండి.