వేరుశనగ విత్తే ముందు, విత్తనశుద్ధి గురించి

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీస్సులు.

నిరుడు మీ చేలో మొలకెత్తిన పది పదిహేను రోజులకే మొక్కలు వాడి చనిపోయాయని, ఈసారి విత్తనానికి రసాయన మందు పట్టించకుండా సాగు చేయాలని ఉందని రాశావు. వాడిన మొక్కను పీకినప్పుడు నేల మట్టం దగ్గర కాండం కుళ్ళి, దాని మీద నల్లటి పొడి కనిపించిందన్నావు గనుక అది మొదలుకుళ్ళు తెగులే. దాన్ని కలిగించే బూజు విత్తనం మీదా, నేలలోనూ ఉంటుంది. అందుకని శుద్ధి ఒక్కటే సరిపోదు, మంచి విత్తనం కూడా కావాలి.

కాయలను విత్తడానికి వారం రోజులలోపే ఒలిపించు. ముందుగా ఒలిచి ఉంచితే గింజ మొలకశక్తి తగ్గుతుంది. పైపొర చిట్లిన గింజ బూజుకు తెరిచిన తలుపు వంటిది కాబట్టి అటువంటివాటినీ, ముడతలు పడ్డవాటినీ, రంగు మారినవాటినీ ఏరి పారేయాలి. మిగిలినవాటిలో నూరు గింజలను తడి గోనెపట్టాలో చుట్టి ఉంచి, ఎన్ని మొలిచాయో, ఎన్నింటికి నల్లబూజు పట్టిందో లెక్కపెట్టు. నా అనుభవంలో ఈ ఏరివేత ఏ మందుకూ తీసిపోదు.

ఆ తరువాత కిలో గింజలకు పది గ్రాముల చొప్పున ట్రైకోడెర్మా విరిడి పొడిని, చల్లారిన పలుచటి బెల్లపు నీటిని కొద్దిగా చిలకరించి, పొర ఊడకుండా అరచేతులతో మెల్లగా పట్టించు. ఇది బూజును తినే మరొక బూజు, ప్రాణమున్నది. ఒక ఏడాది తొందరలో నేను పట్టించిన గింజలను ఎండలో ఆరబోశాను. ఆ చేలో తెగులు ఏమాత్రం తగ్గలేదు. నీడలోనే ఆరబెట్టి, అదే రోజు విత్తుకోవాలి. పొట్లం మీద గడువు తేదీ చూసి కొను, రసాయన శిలీంద్రనాశినితో కలపకు.

ట్రైకోడెర్మాకు బదులు, పేడ, మూత్రంతో ఇంట్లోనే కలుపుకొని విత్తనానికి పట్టించే బీజామృతం చేయాలనుకుంటే ఇరవై లీటర్ల నీటికి అయిదు కిలోల నాటు ఆవు పేడ, అయిదు లీటర్ల మూత్రం, యాభై గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి కావాలి. అయితే వరి విత్తనాన్ని ముంచినట్టు వేరుశనగను ముంచకూడదు, పొర ఊడిపోతుంది. పైన చిలకరించి నీడన ఆరబెడితే చాలు. ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకో.

నేలలోని బూజు కోసం రెండు కిలోల ట్రైకోడెర్మాను తొంభై కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండితో కలిపి, నీళ్ళు చల్లి, గోనెపట్టా కప్పి, నీడలో వారం పది రోజులు ఉంచితే తెల్లగా అల్లుకుంటుంది. దాన్ని తేమ ఉన్నప్పుడు ఎకరానికి చల్లు. తెగులు ఉద్ధృతంగా ఉన్న చెలకలో మాత్రం ఈ ఏడు వేరుశనగ మాని జొన్నో, సజ్జో వేయడం మంచిది. విత్తనశుద్ధి ముందుజాగ్రత్తే గాని, ముదిరిన తెగులును మాన్పదు.

నూరు గింజల్లో ఎన్ని మొలిచాయో చూసి రాయి. దాన్నిబట్టి ఎకరానికి ఎంత విత్తనం వేయాలో చెబుతాను.