పక్కింటి గేదెల సాల: ఏ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న: మాది విజయనగరం, తోటపాలెం వైపు ఒక వీధి. మా పక్క స్థలంలో ఒకాయన రేకుల సాల వేసి ఎనిమిది గేదెలను పెట్టి పాలు అమ్ముతున్నారు. పేడనీళ్లు వీధి కాలువలోకి వదిలేస్తారు. మా ప్రహరీ గోడకే పిడకలు కొడతారు. పగలు గేదెలను రోడ్డు మీదకు తోలేస్తే అవి మా గేటులోకి వచ్చి మొక్కలు మేసేస్తున్నాయి. పాలు పితికే ముందు రోజూ ఏదో ఇంజెక్షన్ చేస్తారు. దూడలను మూరెడు తాడుతో ఎండలోనే కట్టేస్తారు. అడిగితే "ఊళ్లో గేదెలు పెంచకూడదని ఏ చట్టంలో ఉంది?" అంటున్నారు. పైగా నేను వీధికుక్కలకు అన్నం పెడుతున్నానని నా మీదే కేసు పెడతానంటున్నారు. ఈసారి గేటులోకి వస్తే మరిగే నీళ్లు పోస్తానని మా అబ్బాయి కోపంగా ఉన్నాడు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయిని ఆపండి. జంతువును చంపినా, విషం పెట్టినా, పనికిరాకుండా గాయపరిచినా భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్‌) 325 సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. మరిగే నీళ్లకు కన్ను పోయినా, పొదుగు కాలినా అది చిన్న గొడవగా మిగలదు. ఇప్పటిదాకా తప్పంతా అవతలివైపు ఉంది. ఆ పని చేస్తే ముద్దాయి మీ ఇంట్లోనే ఉంటాడు. గేదె చేసిన తప్పు కూడా ఏమీ లేదు, దాన్ని వదిలేసినవాళ్లది తప్ప.

ఇక ఆయన అడిగిన మాట. ఊళ్లో గేదెలు పెంచడమే నేరమని ఏ చట్టమూ చెప్పదు. కానీ విజయనగరం ఇప్పుడు నగరపాలక సంస్థ. దానికి వర్తించే మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 1955లోని 521 సెక్షన్ ప్రకారం, పశువులను వాటి ఉత్పత్తులు అమ్ముకోవడం కోసం ఉంచాలంటే కమిషనర్ లైసెన్సు ఉండాలి. ఇంటి పాల కోసం ఒక గేదెను కట్టుకోవడం వేరు, ఎనిమిదింటిని పెట్టి పాలు అమ్మడం వేరు. లైసెన్సు ఇస్తూ కమిషనర్ షరతులు పెట్టవచ్చు, వాటిని మీరితే రద్దు చేయవచ్చు. అందుకని మీరు మొదట రాయాల్సింది "గేదెలను వెళ్లగొట్టండి" అని కాదు, "ఈ సాలకు లైసెన్సు ఉందా, ఉంటే ఏ షరతులతో?" అని. సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. లైసెన్సు లేదని రాతపూర్వకంగా వచ్చిన ఆ ఒక్క కాగితం తర్వాత ఏ ఆఫీసుకు వెళ్లినా పనికొస్తుంది.

మీ ఉత్తరంలో నాలుగైదు బాధలు ఒకే అర్జీలో కలిసిపోయాయి. ఇలాంటి అర్జీలు ఎక్కువగా నిలిచిపోయేది ఇక్కడే. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఇంజెక్షన్ సంగతి పోలీసులది అంటారు, పోలీసులు కాలువ సంగతి మున్సిపాలిటీది అంటారు, కాగితం రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుంది. విడివిడిగా రాయండి.

పేడనీళ్లు, వాసన, దోమల అర్జీ వార్డు సచివాలయంలోని శానిటేషన్ సెక్రటరీకి ఇచ్చి, ఒక ప్రతి మున్సిపల్ హెల్త్ ఆఫీసర్ పేరుకు పంపండి. రసీదు తీసుకోకుండా కదలవద్దు. రెండు మూడు వారాల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని పాత రసీదు జతచేసి ఇవ్వండి. అర్జీలో ఏం కావాలో కొలతలతో అడగండి: సాలకు గచ్చు, పేడకు మూతగల గుంత, కాలువలోకి వదలడం ఆపడం, స్థలానికి తగినట్టు పశువుల సంఖ్య తగ్గించడం. ఒక కుటుంబం పొట్టపోసుకునే పని అది. సరిచేసుకోవడానికి వీలున్న కోరికలను అధికారులు త్వరగా అమలు చేస్తారు, అవతలివారూ పూర్తిగా ఎదురు తిరగరు.

అప్పటికీ కదలకపోతే ఆర్డీఓ దగ్గర భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్‌) 152 సెక్షన్ కింద అర్జీ పెట్టవచ్చు. ఇది పాత సీఆర్‌పీసీలోని 133 సెక్షనే. జనం ఆరోగ్యానికి, సౌకర్యానికి హాని చేసే వ్యాపారాన్ని ఆపమనో, మార్చమనో, పద్ధతిలో నడపమనో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో ఆయన షరతులతో ఆదేశం ఇస్తారు. అభ్యంతరం ఉంటే అవతలివారు హాజరై చెప్పుకోవాలి. సక్రమంగా ఇచ్చిన ఆ ఆదేశాన్ని సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేదు. అయితే ఒక మెలిక ఉంది. బాధ వీధి మొత్తానిది కావాలి. మీ ఒక్కరి సంతకంతో వెళితే "ఇది ఇద్దరి మధ్య తగాదా, సివిల్ కోర్టుకు వెళ్లండి" అని మూసేస్తారు. కనీసం ఏడెనిమిది ఇళ్లవాళ్ల సంతకాలు, ఇంటి నంబర్లు, ఎవరింట్లో ఎవరికి ఏ ఇబ్బంది అన్న వివరం ఉండాలి. పిల్లలకో పెద్దవాళ్లకో జ్వరాలు వచ్చి ఉంటే ఆసుపత్రి చీటీలు జతచేయండి.

గోడ మీద పిడకలు మాత్రం మీ సొంత తగాదాయే. దానికి కోర్టు దాకా పోనక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసుగా (దావా వేయకముందే రాజీ కోసం) వేస్తే ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు. మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా మీకు ఉచిత న్యాయవాది దొరుకుతారు. హెల్ప్‌లైన్ 15100. రాజీ కుదరక దావా వేయాల్సి వస్తే, మొదటి రోజే అడ్వకేట్ కమిషనర్‌ను (స్థలం చూసి రావడానికి కోర్టు పంపే న్యాయవాదిని) నియమించమని అడగండి. సాలకూ మీ వంటగదికీ ఎన్ని అడుగులు, కాలువ ఎటు పారుతోంది, గోడ ఎవరిది అన్నవి ఆయన వచ్చి చూసి రాసిన నివేదిక, మీ నోటి సాక్ష్యం కన్నా గట్టిగా నిలుస్తుంది.

రోడ్డు మీద తిరిగే గేదెల సంగతి. పశువును నిర్లక్ష్యంగా వదిలి మనుషులకు ప్రమాదం తెస్తే బీఎన్‌ఎస్‌ 291 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దారికి అడ్డం పెడితే 285 కింద 5,000 వరకు జరిమానా. మీ స్థలంలోకి వచ్చి మొక్కలు పాడుచేసే పశువును పట్టుకునే హక్కు పశువుల అక్రమ ప్రవేశ చట్టం, 1871 మీకు ఇస్తుంది. కానీ పట్టుకున్న 24 గంటల్లోపు బందెలదొడ్డికి (పట్టుబడిన పశువులను ఉంచే ప్రభుత్వ దొడ్డికి) పంపాలి. నష్టం కట్టేదాకా విడవనని మీ పెరట్లో కట్టేసుకుంటే, అక్రమంగా పట్టుకున్నారని మీ మీదే ఫిర్యాదు చేసే వీలు ఆయనకు ఉంటుంది. దొడ్డికి తోలుతుంటే ఎవరైనా అడ్డుపడి పశువును లాక్కుపోతే అది నేరం.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ ఇంజెక్షన్ మాట. గేదె చేపడానికి ఆక్సిటోసిన్ (పొదుగు నుంచి పాలు దిగేలా చేసే హార్మోన్) పొడవడం చాలా చోట్ల మామూలైపోయింది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 12వ సెక్షన్ ప్రకారం, పాలు ఎక్కువ రావడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే ఏ పదార్థం ఎక్కించినా రెండేళ్ల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి, ఆ పశువు ప్రభుత్వపరం అవుతుంది. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరం. గేదెను స్వాధీనం చేసుకుని పశువైద్యాధికారికి చూపించే అధికారం కూడా వారికి ఉంది. కేసు వీగిపోయేది మాత్రం ఒకే చోట: ఎక్కించింది ఏమిటో తేలకపోవడం. సీసా మీద లేబుల్ ఉండదు, పరీక్షకు పంపేవారుండరు. కాబట్టి సూది పొడిచే వేళ చెప్పి పోలీసులను, పశువైద్యుడిని కలిపి రమ్మని రాతపూర్వకంగా అడగండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఒక ప్రతి ఇవ్వండి. మీరు సాలలోకి దూరి సీసా తీసుకురావద్దు. మీ డాబా మీద నుంచో వీధిలో నుంచో తేదీ కనబడేలా వీడియో తీస్తే చాలు. ఆ ఫోన్‌ను జాగ్రత్తగా ఉంచండి. కోర్టులో వీడియో చెల్లాలంటే అది ఏ ఫోన్‌తో ఎలా తీసిందో ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికెట్ జతపరచాలి.

మూరెడు తాడుతో, నీడ లేకుండా, తగినంత మేత నీళ్లు పెట్టకుండా దూడలను కట్టేయడం అదే చట్టం 11వ సెక్షన్ కిందికి వస్తుంది. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 1960 నాటి అంకె ఇప్పటికీ అలాగే ఉండటం సిగ్గుచేటు. పైగా ఇందులో చాలావాటికి పోలీసులు నేరుగా కేసు కట్టలేరు, స్టేషన్‌లో నమోదు చేసి మేజిస్ట్రేట్ దగ్గరకు పంపుతారు. జరిగిన రోజు నుంచి మూడు నెలలు దాటితే ఈ చట్టం కింద కేసే వేయలేరు, ఈ గడువు గుర్తుంచుకోండి. శిక్ష చిన్నదైనా దూడకు నీడ, నీళ్లు దొరకడమే మనకు ముఖ్యం కాబట్టి ఈ ఫిర్యాదును జిల్లా జంతు క్రూరత్వ నివారణ సంఘానికి, పశుసంవర్ధక శాఖకు కూడా పంపండి. దూడ జబ్బుపడి కనిపిస్తే 1962కు ఫోన్ చేయండి.

ఇక మీ కుక్కల సంగతి. వీధికుక్కకు అన్నం పెట్టడం నేరం కాదు, కానీ ఎక్కడ పెడుతున్నామన్నది ఇప్పుడు ముఖ్యం. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశంలో వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని, వార్డుల్లో కార్పొరేషన్ చోట్లు కేటాయించాలని చెప్పింది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా పిల్లలు ఆడుకునే చోటికి, రాకపోకల దారులకు దూరంగా పెట్టమంటాయి. కాబట్టి ఇంటి ముందు పెట్టడం ఆపి, మీ వార్డులో చోటు చూపించమని, ఆ కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించమని కమిషనర్‌కు రాసి రసీదు తీసుకోండి. గేదెల అర్జీ కన్నా ముందు రోజే ఇది ఇవ్వండి. ఆయన ఫిర్యాదు చేసేసరికి మీ రసీదు మీద అంతకుముందు తేదీ ఉంటుంది.