దేవదూతా, దూతా, పంపినవాడా?

సందేహం: ఫిలిప్పీన్స్‌లో ‘ఇగ్లేసియా ని క్రిస్టో’ అనే క్రైస్తవ సంఘాన్ని స్థాపించిన ఫెలిక్స్ మనాలో గురించి చిన్న వ్యాసం రాశాను. అనుచరులు ఆయన్ని ‘సుగో’ అంటారు. నేను ‘దేవదూత ఫెలిక్స్ మనాలో 1963 ఏప్రిల్ 12న పరమపదించారు’ అని రాస్తే ఫ్రెండ్ ఒకరు నవ్వారు. తప్పెక్కడుంది?

సమాధానం: వ్యాకరణం తప్పేమీ లేదండీ, మాటలే పొసగలేదు. ‘దేవదూత’ అనగానే మనకి కనబడేది క్రిస్మస్ కార్డు మీద రెక్కలతో ఉండే బొమ్మ. మనాలో 1886లో తగీగ్‌లో పుట్టిన మనిషి. పుట్టుకతో క్యాథలిక్కు, ఆ తర్వాత మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, అడ్వెంటిస్టు అంటూ ఒక్కోచోట కొన్నాళ్లుండి బయటికొచ్చేసి, మనీలాలో సొంతంగా బోధించడం మొదలుపెట్టి, 1914 జులై 27న తన సంఘాన్ని రిజిస్టర్ చేయించారు. (అన్నట్టు, మనాలో అన్నది ఆయన తల్లి ఇంటిపేరు. తండ్రిది ఇసగున్.)

ఫిలిప్పీన్స్ భాష తగలోగ్‌లో ‘సుగో’ అంటే ఒకరు పంపగా వచ్చినవాడు. అచ్చంగా మన ‘దూత’. హనుమంతుడు రామదూత, ఆయనకి రెక్కలున్నాయా! బైబిల్ ప్రకటన గ్రంథంలో సూర్యోదయ దిశనుంచి వచ్చే దూత మనాలోయేనని ఆ సంఘం బోధ. తెలుగు బైబిల్లో కూడా అక్కడున్నది ఒట్టి ‘దూత’, ముందు ‘దేవ’ లేదు.

అచ్చతెలుగు సరదా ఉంటే ‘దేవుడు పంపినవాడు’ అనొచ్చు గానీ, ఆ ‘దేవుడు’ జారిపోకుండా చూసుకోండి. ‘మాస్టారు కొట్టిన కుర్రాడు’ దెబ్బ తిన్నవాడు, ఒట్టి ‘కొట్టిన కుర్రాడు’ దెబ్బ వేసినవాడు. అలాగే ఒట్టి ‘పంపినవాడు’ అంటే దేవుడే అయి కూర్చుంటాడు. ‘పంపబడినవాడు’ అంటే ఆ గొడవ ఉండదు, కానీ ఆ ‘బడు’తో ఇంట్లో ఎవరైనా మాట్లాడతారా?

ఇక ‘పరమపదించారు’. పరమపదం వైకుంఠం, అది వైష్ణవుల మాట. మన క్రైస్తవులు ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు, పునరుత్థానం దాకా చనిపోయినవారికి స్పృహ ఉండదని మనాలో సంఘం నమ్మకం కాబట్టి అదైతే అతుకుతుంది. కానీ మీరు రాస్తున్నది సంతాప సందేశం కాదు కదా, ‘చనిపోయారు’ చాలు: ‘తన సంఘంవారు కడవరి దూతగా నమ్మే ఫెలిక్స్ మనాలో 1963 ఏప్రిల్ 12న చనిపోయారు.’

సంఘం పేరుని మాత్రం ‘క్రీస్తు సంఘం’ అని తెలుగు చేయకండి. అర్థం సరిగ్గా అదే, కానీ ఆ బోర్డుతో మన ఊళ్లలో ఉన్న సంఘాలు వేరు.