అడ్డంకి లేని పేగుకు ఆపరేషన్లు ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. పసితనం నుంచీ పొట్ట ఉబ్బరం, వాంతులు. పేగులో అడ్డంకి ఉందని రెండుసార్లు ఆపరేషన్ చేశారు కానీ, లోపల ఏమీ కనిపించలేదన్నారు. నాకూ చిన్నప్పటి నుంచి మలబద్ధకం ఉంది. కాన్పులో నొప్పులు చాలక సిజేరియన్ చేశారు. మాది మేనరికం కాబట్టే ఇలా అయ్యిందని ఇంట్లో అంటున్నారు. జన్యు పరీక్ష అవసరమా?
– ఒక సోదరి, మలక్‌పేట

జవాబు: అవసరమే. మూడో ఆపరేషన్ మాట ఎత్తకముందే చేయించండి. మీరు రాసిన లక్షణాలను బట్టి, పేగు గోడలోని నునుపు కండరం పుట్టుకతోనే బలహీనంగా ఉండే ‘విసరల్ మయోపతీ’ అనే అరుదైన జబ్బును అనుమానించాలి. ఆ కండరం సరిగా ముడుచుకోకపోతే గాలీ నీరూ పేగులోనే నిలిచిపోయి, ఎక్స్‌రేలో అచ్చం అడ్డంకి ఉన్నట్టే మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. తీరా పొట్ట తెరిస్తే దారి తెరిచే ఉంటుంది. పైగా ప్రతి ఆపరేషన్ తర్వాతా పేగులు ఒకదానికొకటి అతుక్కుని నిజమైన అడ్డంకి ఏర్పడే ప్రమాదం ఉంది.

ఈ జబ్బులో ఎక్కువగా దొరికేది ఏసీటీజీ2 అనే జన్యువులో మార్పు. దీనికీ, తరతరాలుగా వచ్చే ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 2012లో ఫిన్లాండ్‌లోని ఒక కుటుంబంలో బయటపడింది. నునుపు కండరానికి కావలసిన ఆక్టిన్ అనే ప్రొటీన్‌ను ఈ జన్యువే తయారు చేయిస్తుంది. ఆ ప్రొటీన్ 376 అమైనో ఆమ్లాలు వరుసగా కలిసిన గొలుసు. అందులో, ఉదాహరణకు, 257వ చోట ఆర్జినిన్‌కు బదులు సిస్టీన్ చేరితే చాలు, ఆక్టిన్ పోగులు సరిగా కుదురుకోవు. తాడు పేనేటప్పుడు మంచి పోగుల మధ్య పుచ్చిన పోగు కలిస్తే తాడంతా బలం తగ్గినట్టే, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి బాగున్నా కండరం దెబ్బతింటుంది. అదే కండరం మూత్రాశయంలోనూ, గర్భాశయంలోనూ ఉంటుంది కాబట్టి మీ కాన్పు సంగతి నాకు ముఖ్యమనిపించింది.

ఇక మేనరికం. ఎంవైహెచ్11, ఎంవైఎల్‌కే వంటి జన్యువుల వల్ల వచ్చే రకాల్లో తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న ప్రతులు రెండూ అందాలి. మేనరికం వల్ల ఆ అవకాశం పెరిగే మాట నిజమే. అవి సాధారణంగా గర్భంలోనో, పుట్టిన వెంటనేనో తీవ్రంగా బయటపడతాయి. మీకూ లక్షణాలున్నాయంటే ఏసీటీజీ2 వైపే మొగ్గు ఎక్కువ. దానికి ఒక్క ప్రతి చాలు, మేనరికంతో పని లేదు. అసలు తల్లిదండ్రులిద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టిన మార్పులూ తరచుగా కనిపిస్తాయి. మీలో ఆ మార్పు తేలితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు సంక్రమించే అవకాశం 50 శాతం. గర్భంలో ఉండగానే పరీక్షించే వీలుంది.

పరీక్షకు కొద్దిపాటి రక్తం చాలు. ముగ్గురూ కలిసి నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ నోట్సు వెంట ఉంచుకోండి. ఫలితం వచ్చేలోపు బాబుకు మూత్రం పోశాక మూత్రాశయంలో ఎంత మిగులుతోందో అల్ట్రాసౌండ్‌తో చూపించండి. ఆకుపచ్చ వాంతులతో తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం, పాత జబ్బే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇలాంటి పిల్లల్లో పేగు నిజంగానే మెలిపడే అవకాశం కూడా ఉంది.