గిటార్ అమ్మేసే ముందు ఒక్కసారి ఇలా విను, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన మూడు రికార్డింగులూ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగైదు సార్లు విన్నాను. నీ స్ట్రాట్ (ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్) రకం గిటార్‌దీ, మీ ఫ్రెండ్ పీ-90 గిటార్‌దీ, షాపులో వాయించిన హంబకర్ గిటార్‌దీ. మూడింటిలోనూ పికప్పు, అంటే తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం, వేరు వేరు రకం. "హంబకర్ నిండుగా ఉంది మావయ్యా, నా గిటార్ అమ్మేసి చర్చికి అదే కొనేస్తా" అని రాశావు. కొనొద్దని నేను అనను. కానీ నువ్వు పోల్చిన తీరు మాత్రం సరిగ్గా లేదు. మూడు ఫైళ్లలో హంబకర్‌ది మిగతా రెండింటికన్నా బాగా గట్టిగా ఉంది. ఒకే పాట రెండుసార్లు వినిపిస్తే కాస్త గట్టిగా ఉన్నదే బాగుందని చెవి చెబుతుంది. నలభై ఏళ్లు వాయించినవాడి చెవి కూడా అలాగే చెబుతుంది. నేను దాని వాల్యూం తగ్గించి మూడింటినీ సమానం చేసి విన్నాను. అప్పుడు నీ పాత గిటారే పాటలో స్పష్టంగా వినపడింది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

డిస్టార్షన్ (శబ్దాన్ని కరుకుగా చేసే ఎఫెక్ట్) వేసి వాయిస్తే ఏ పికప్పు అయినా కొంతవరకు ఒకేలా మోగుతుంది, పెడల్ అన్నింటినీ ఒకే రంగులో ముంచేస్తుంది. క్లీన్‌లో, అంటే అలాంటిదేమీ కలపకుండా వాయిస్తే, అలా కుదరదు. పిక్ తీగని తాకిన చప్పుడు, వేలు జారిన చప్పుడు, కార్డులో ఒక స్ట్రింగ్ మిగతావాటికన్నా ఎక్కువ మోగడం, అన్నీ బయటపడతాయి. పికప్పుల మధ్య తేడా తెలుసుకోవాలంటే క్లీన్‌లోనే వినాలి, ఓపిగ్గా వినాలి.

లోపల ఏముందో ముందు చెబుతాను. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది, అంతే. ఆ చుట్టునే కాయిల్ అంటారు. స్ట్రాట్ పికప్పులో సుమారు 8 వేల చుట్లు. పీ-90లో సుమారు 10 వేల చుట్లు, కాయిల్ వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్, పాత పద్ధతిలో చుట్టినదైతే ఒక్కోదానికి సుమారు 5 వేల చుట్లు, రెండూ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. చుట్లు పెరిగితే శబ్దం గట్టిపడుతుంది, పైనున్న మెరుపు తగ్గుతుంది. కేబుల్ కూడా కలిపి చూస్తే స్ట్రాట్ పికప్పు ఎక్కువగా పలికే చోటు దాదాపు 4 వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, హంబకర్‌ది 3 వేల దగ్గరికి దిగుతుంది. పైగా హంబకర్ తీగని రెండు చోట్ల వింటుంది. అందుకని బాగా పైనున్న సన్నని స్వరాలు కొన్ని అందులోనే కొట్టుకుపోతాయి. నీకు "నిండుగా" అనిపించింది అదే.

నిజానికి హంబకర్ పుట్టిందే గుయ్‌మనే హమ్ పోగొట్టడానికి. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు, 1957లో లెస్ పాల్ గిటార్ల మీదికి వచ్చింది. రెండు కాయిల్స్‌నీ ఎదురెదురుగా పనిచేసేలా కలిపితే కరెంటు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలిసి వస్తుంది. 1946లో గిబ్సన్ వాళ్లే తెచ్చిన పీ-90కి ఈ సౌకర్యం లేదు, దాంట్లో హమ్ ఉంటుంది.

హమ్ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది తెనాలి వైపు ఒక పెళ్లిలో. ఆర్కెస్ట్రా పార్టీతో వెళ్లాను. ఫంక్షన్ హాలు నిండా సీరియల్ సెట్లు, గోడ అవతల జనరేటరు, నా చేతిలో సింగిల్ కాయిల్ గిటారు, అంటే స్ట్రాట్‌లా పికప్పుకి ఒక్క కాయిలే ఉండేది. సౌండ్ చెక్ అప్పుడు అంతా బాగుంది. సాయంత్రం లైట్లన్నీ వేశాక నా ఆంప్‌లోంచి తేనెటీగల తుట్టె కదిపినట్టు ఒకటే రొద. పాట మధ్యలో వాయించని చోటల్లా వాల్యూం నాబ్ మూసేస్తూ కూర్చున్నాను. ఎందుకో కుర్చీ కొంచెం ఎడమకి తిప్పాను, రొద సగం పడిపోయింది. ఇంకొంచెం తిప్పితే మళ్లీ పెరిగింది. సింగిల్ కాయిల్ రేడియో యాంటెన్నా లాంటిది, ఏ వైపు తిప్పితే ఆ వైపు శబ్దాన్ని పట్టుకుంటుంది. ఆ రాత్రంతా పెళ్లికొడుకు వైపు పక్కకి తిరిగి వాయించాను. నీ చర్చిలోనూ ముందు ఈ పని చెయ్యి: గిటార్ తగిలించుకుని ఒక చుట్టు తిరుగు. రొద తగ్గే దిక్కు దొరికితే నువ్వు నిలబడే చోటు అదే.

స్ట్రాట్‌లో ఇంకో ఉపాయం కూడా ఉంది. దానికి మూడు పికప్పులు, ఏది మోగాలో ఎంచుకోవడానికి ఒక స్విచ్. 1954లో వచ్చిన మొదటి స్ట్రాటోకాస్టర్లకి మూడు చోట్ల ఆగే స్విచ్చే ఉండేది. వాయించేవాళ్లు దాన్ని రెండు స్థానాల మధ్య ఇరికించి రెండు పికప్పుల్నీ కలిపి వాడుకునేవారు. ఫెండర్ వాళ్లు 1977లో ఐదు స్థానాల స్విచ్ పెట్టారు. ఆ 2, 4 స్థానాల్లో వచ్చే గాజుబిళ్ల మోగినట్టుండే శబ్దాన్ని గిటారిస్టులు క్వాక్ అంటారు. ఇప్పటి చాలా గిటార్లలో మధ్య పికప్పుని ఎదురు చుట్టి ఉంచుతారు కాబట్టి ఆ రెండు స్థానాల్లోనూ హమ్ పోతుంది. నీ రికార్డింగ్ అంతా నెక్ పికప్పు (గిటార్ మెడ వైపుది) ఒక్కదాని మీదే ఉంది. 4వ స్థానం, అంటే నెక్, మధ్య పికప్పులు కలిసేది, ఒక్కసారైనా వేసి చూశావా?

ఇక అసలు విషయానికొస్తాను. పికప్పు మార్చడం తర్వాత, దాని ఎత్తు చూసుకోవడం ముందు. నేను ఇది తెలియక డబ్బు పోగొట్టుకున్నాను. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దాటాక ఆరో స్ట్రింగ్, అంటే అన్నింటికన్నా లావుది, వాయిస్తే రెండు స్వరాలు పోట్లాడుకుంటున్నట్టు వణుకుతూ వచ్చేది. ట్యూనర్ ముల్లు ఒకచోట నిలిచేది కాదు. ఒక రిపేరు షాపులో ఫ్రెట్లు బాగాలేవని చెప్పి అరగదీశారు, డబ్బు తీసుకున్నారు. వణుకు అలాగే ఉంది. కొన్నాళ్లకి రిహార్సల్‌లో ఒక పెద్దాయన నా గిటార్ తీసుకుని, నెక్ పికప్పు పక్కనున్న స్క్రూ నాలుగు చుట్లు ఎడమకి తిప్పి, వాయించమన్నాడు. వణుకు పోయింది. స్ట్రాట్ పికప్పులో ఆరు అయస్కాంతపు కడ్డీలే తీగల కిందికి వస్తాయి. మరీ దగ్గరగా ఉంటే అవి తీగనే లాగి పట్టుకుంటాయి, స్వరం నిలవదు, ఎక్కువసేపు మోగదు. నీ ఫైల్లో ఆరో స్ట్రింగ్ చివర్లో అదే వణుకు నాకు వినపడింది.

కాబట్టి ఒక స్టీలు స్కేలు తీసుకో. ఆరో స్ట్రింగ్‌ని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి కడ్డీ పైభాగం వరకు కొలువు. పాత తరహా స్ట్రాట్ పికప్పులకి ఫెండర్ వాళ్లు చెప్పే కొలత ఆరో స్ట్రింగ్ వైపు 2.4 మిల్లీమీటర్లు, ఒకటో స్ట్రింగ్ వైపు 2 మిల్లీమీటర్లు. అక్కణ్నుంచి మొదలుపెట్టి పావు చుట్టు చొప్పున తిప్పుతూ విను. నెక్ పికప్పు దగ్గర తీగ ఎక్కువ ఊగుతుంది, అది గట్టిగా ఉంటుంది. బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తక్కువ ఊగుతుంది, పలచగా ఉంటుంది. స్విచ్ మార్చినప్పుడు రెండూ ఒకే గట్టిదనంతో వచ్చేదాకా నెక్ పికప్పుని దించు. ఇంకో మాట. పాత స్ట్రాట్ తరహాలో కడ్డీల ఎత్తులు సమానంగా ఉండవు, మూడో స్ట్రింగ్ కింద కడ్డీ పొడవుగా ఉంటుంది. ఆ రోజుల్లో మూడో స్ట్రింగ్‌కి పైన చుట్టు ఉండేది, దానికి అలా సరిపోయింది. ఇప్పుడు మనం చుట్టులేని సాదా తీగ వేస్తున్నాం. అందుకే నీ కార్డుల్లో ఆ ఒక్క స్ట్రింగ్ ముందుకి దూకుతోంది. దానికి కడ్డీని కొట్టి దించాలని చూడకు, లోపలి రాగి తీగ తెగిపోతుంది. ఆ స్ట్రింగ్‌ని మెత్తగా తాకడం అలవాటు చేసుకో. పీ-90లోనూ హంబకర్‌లోనూ ఈ ఇబ్బంది తక్కువ, ఒక్కో స్ట్రింగ్‌కీ స్క్రూ ఉంటుంది, తిప్పుకుంటే సరి.

నువ్వు ఆ గిటార్ని మిక్సర్‌లోకి నేరుగా గుచ్చుతున్నావని మీ అమ్మ చెప్పింది. సగం కష్టం అక్కడే ఉంది. మామూలు పికప్పుకి దాదాపు 10 లక్షల ఓమ్‌ల నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా పది ఇరవై వేల ఓమ్‌లే ఉంటుంది. మెరుపంతా అక్కడే ఆవిరైపోతుంది, ఏ పికప్పు పెట్టినా దుప్పటి కప్పినట్టే మోగుతుంది. డీఐ బాక్స్ (గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె, పికప్పుకి తగిన ఇన్‌పుట్ ఇస్తుంది) కొను, లేదా మిక్సర్ మీద గిటార్ కోసం హై-జడ్ బటన్ ఉంటే అది నొక్కు. కేబుల్ కూడా పది మీటర్లది వద్దు, నువ్వు నిలబడే చోటికి నాలుగైదు మీటర్లు చాలు. రొద పోతుందని ఎవరైనా త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమంటే వినకు. ఒక చెయ్యి స్ట్రింగ్స్ మీద ఉండి పెదవి మైకుకి తగిలితే ప్రాణం మీదికొస్తుంది.

పోల్చే పద్ధతి ఇది. మూడు గిటార్లకీ కొత్త స్ట్రింగ్స్, ఒకే మందం, 10 నుంచి 46 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క). ఒకే కేబుల్, ఒకే పిక్, ఒకే ఇన్‌పుట్, మిక్సర్ మీద ఈక్యూ (హెచ్చు, తగ్గు స్వరాలు సర్దే) నాబులన్నీ మధ్యలో. గట్టిదనం సమానం చేసేటప్పుడు గిటార్ మీది వాల్యూం ముట్టుకోకు, దాన్ని తగ్గిస్తే చాలా గిటార్లలో మెరుపు కూడా పోతుంది, మిక్సర్ గెయిన్‌తో సరిచెయ్యి. తర్వాత వాయించేది ఒక్కటే ఉండాలి: కొంచెంసేపు విడివిడి స్ట్రింగ్స్, కొంచెంసేపు కార్డులు కొట్టడం, చివర్లో ఒక కీర్తన పల్లవి. అది కూడా కీబోర్డు, పాడే గొంతు ఉండగా. గిటార్ ఒక్కటే మోగినప్పుడు నిండుగా అనిపించే హంబకర్, కీబోర్డు ఎడమ చెయ్యి మోగగానే దానిలో కలిసిపోతుంది. సన్నగా ఉందని నువ్వు పక్కన పెట్టిన స్ట్రాట్ అప్పుడే పైకి తేలుతుంది.

అయితే పల్లవిలో గమకం వాయించేటప్పుడు మాత్రం నా మనసు పీ-90 వైపే పోతుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని విని ఉంటావు. జంట తీగల మాండలిన్ వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు ఆ జారే దారంతా వినపడాలి, మధ్యలో శబ్దం చచ్చిపోకూడదు. పీ-90లో మధ్య స్థాయి దట్టంగా ఉంటుంది, పిక్ తాకిడి కూడా మిగులుతుంది, లాగిన స్ట్రింగ్ పాడే గొంతులా నిలుస్తుంది. మీ ఫ్రెండ్ గిటార్‌లో నాకు నచ్చింది అదే. హమ్ మాత్రం భరించాలి, దానికి 4వ స్థానం లాంటి ఉపాయం ఉండాలంటే రెండు పీ-90లు ఉండి, ఒకటి ఎదురు చుట్టినదై ఉండాలి. కొనే ముందు రెండూ కలిపి వేసి హమ్ తగ్గిందో లేదో విను.

చివరికి హంబకరే కావాలనిపిస్తే, రెండు కాయిల్స్‌నీ సమాంతరంగా కలిపే స్విచ్ పెట్టించుకో. శబ్దం కొంచెం తగ్గుతుంది, మెరుపు వస్తుంది, హమ్ రాదు. ఒక కాయిల్‌ని ఆపేసే కాయిల్ స్ప్లిట్‌ని స్ట్రాట్ అని నమ్మి కొనకు. అది పలచగా ఉంటుంది, హమ్ కూడా తిరిగొస్తుంది.

నీ గిటార్ ఇంకో రెండు వారాలు అమ్మకు. ఎత్తు సరిచేసి, డీఐ పెట్టి, మూడింటినీ మళ్లీ రికార్డు చేసి పంపు. ఫైళ్లకి గిటార్ పేర్లు రాయకు, 1, 2, 3 అని మాత్రం పెట్టు. ఏది ఏదో మీ అమ్మకి చెప్పి ఉంచు. నేను విని నాకు నచ్చింది రాస్తాను, నువ్వూ చూడకుండా విని నీకు నచ్చింది రాయి, తర్వాత ఆవిణ్ని అడుగుదాం.

నీ
మావయ్య